విశాఖలో అమెరికా నౌకలు, ఎద్దుమైలారంలో రష్యా బండ్లు: మనం ఎవరి వైపు?

బీచ్‌రోడ్ వాసి | విశాఖపట్నం

మా ఊళ్ళో నేవీ యూనిఫాం కనబడని రోజు ఉండదు. కానీ ఈ మధ్య కొన్నేళ్ళుగా ఇక్కడ జరుగుతున్నవి చూస్తుంటే ఒక ప్రశ్న వదలడం లేదు. 2019 నవంబరులో 'టైగర్ ట్రయంఫ్' పేరుతో అమెరికా బలగాలు, మన త్రివిధ దళాలు మొదటిసారి కలిసి విశాఖ, కాకినాడ తీరాల్లో విన్యాసాలు చేశాయి. తర్వాత అది మళ్ళీ మళ్ళీ జరిగింది. 2024 ఫిబ్రవరిలో 'మిలన్' విన్యాసాలకు దాదాపు 50 దేశాలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో 'మలబార్' నౌకా విన్యాసాల కోసం అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకలు ఇక్కడికే వచ్చాయి.

మరోవైపు బీచ్ రోడ్డులో పిల్లలకు చూపించే కురుసుర జలాంతర్గామి సోవియట్ యూనియన్ నుంచి కొన్నది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా అక్కడిదే. మన అణు జలాంతర్గామి అరిహంత్ ఇదే ఊళ్ళో 2009 జూలైలో నీళ్ళలోకి దిగినప్పుడు అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ రష్యా సహకారానికి బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పారు.

మనం మెల్లగా అమెరికా కూటమిలోకి జరుగుతున్నామా? జరిగితే మనకు లాభమేనా? రేపు నిజంగా యుద్ధం వస్తే వీళ్ళలో ఎవరైనా మన పక్కన నిలబడతారా? పార్టీల గొడవ వద్దు. విషయం తెలిసినవాళ్ళు రాయండి.

పరిశోధక విద్యార్థి | హైదరాబాద్

ముందు ఒక విషయం తేల్చుకుంటే చర్చ దారి తప్పదు. 'మీ మీద దాడి జరిగితే మా మీద జరిగినట్టే' అనే ఒప్పందం భారత్‌కు ఈ రోజు ఏ దేశంతోనూ లేదు. నాటో దేశాలకు అది ఐదో అధికరణం రూపంలో ఉంది. జపాన్‌కూ, ఫిలిప్పీన్స్‌కూ అమెరికాతో ఉంది. మనం దానికి కొంచెం దగ్గరగా వెళ్ళింది 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న మైత్రీ ఒప్పందంలో. అందులోనూ దాడి ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకుందాం అన్నారు తప్ప, సైన్యం పంపుతామని రాసుకోలేదు.

అమెరికాతో మనకున్నవి వేరే రకం ఒప్పందాలు. 2002లో రహస్య సైనిక సమాచారాన్ని కాపాడే ఒప్పందం కుదిరింది. 2016 ఆగస్టులో లెమోవా కుదిరింది. దాని ప్రకారం ఒకరి నౌకలకూ విమానాలకూ మరొకరు ఇంధనం, సరుకులు, మరమ్మతులు ఇస్తారు, డబ్బు తీసుకుంటారు. ఇది స్థావరం ఇవ్వడం కాదు, ప్రతిసారీ అనుమతి కావాలి. 2018 సెప్టెంబరులో కామ్‌కాసా, అంటే అమెరికా పరికరాల్లో రహస్య సంకేతాలతో మాట్లాడుకునే వ్యవస్థను మనకు ఇవ్వడానికి. 2020 అక్టోబరులో బెకా, అంటే మ్యాపులు, ఉపగ్రహ సమాచారం పంచుకోవడానికి.

లెమోవా లాంటి ఒప్పందాలే ఫ్రాన్స్, సింగపూర్, దక్షిణ కొరియా, జపాన్, ఆస్ట్రేలియా, వియత్నాంలతో కూడా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో రష్యాతోనూ సంతకం చేశాం. ఒకే ఏడాది ఇటు విశాఖలో అమెరికాతో టైగర్ ట్రయంఫ్, అటు రష్యాతో లాజిస్టిక్స్ ఒప్పందం. దీన్ని కూటమిలోకి జరగడం అని నేను అనలేను.

ఎర్ర మందారం | విజయవాడ

కాగితం మీద 'కూటమి' అన్న మాట లేదు కాబట్టి కూటమి లేదు అంటే ఎలా సోదరా? ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. 2007 సెప్టెంబరులో బంగాళాఖాతంలో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ నౌకలతో మలబార్ జరిగినప్పుడు వామపక్షాలు కోల్‌కతా నుంచి ఒకటి, చెన్నై నుంచి ఒకటి జాతాలు, అంటే నిరసన యాత్రలు, తీశాయి. రెండూ వచ్చి కలిసింది విశాఖలోనే. అప్పుడు కేంద్ర ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న పార్టీలే రోడ్డు మీదికొచ్చి అడిగాయి, మన సముద్రంలో ఈ ఐదు దేశాల విన్యాసం ఎవరి కోసం అని. ఆ ప్రశ్నకు పార్లమెంటులో సరైన జవాబు రాలేదు.

విశాఖవాళ్ళకు ఇంకోటి గుర్తుచేస్తాను. 1971 డిసెంబరులో మీ తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు అమెరికాది. యూఎస్ఎస్ డయాబ్లో అనే పాత జలాంతర్గామిని పాకిస్తాన్‌కు ఇచ్చారు. అదే నెలలో మనల్ని బెదిరించడానికి బంగాళాఖాతంలోకి విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను పంపింది కూడా అమెరికాయే. ఆ చరిత్ర తెలిసినవాళ్ళు అమెరికా నౌక రేవులోకి వస్తే కాస్త జాగ్రత్తగా చూడడంలో తప్పేముంది?

ఇక జలాశ్వ సంగతి. విశాఖలోనే ఉండే ఆ నౌక పూర్వపు అమెరికా నౌక యూఎస్ఎస్ ట్రెంటన్. 2007లో కొన్నాం. దాన్ని దాడి పనులకు వాడడం మీద ఆంక్షలున్నాయనీ, అమెరికా తనిఖీకి ఒప్పుకున్నారనీ 2008లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. డబ్బు మనది, నౌక మీద మన జెండా, కానీ ఎలా వాడాలో వాళ్ళు చెబుతారు. నా అభ్యంతరం ఈ షరతుల మీదే, విన్యాసాల ఫొటోల మీద కాదు.

ఫ్రీమాంట్ తెలుగు | కాలిఫోర్నియా

ఎర్ర మందారం గారూ, 1971ని మరిచిపొమ్మని ఎవరూ అనడం లేదు. కానీ 1962ను కూడా మరిచిపోకూడదు కదా. ఆ నవంబరులో చైనా సైన్యం తూర్పున దిగివస్తుంటే నెహ్రూ గారు కెనడీకి వైమానిక సాయం కోరుతూ ఉత్తరాలు రాశారు. అప్పుడు లడఖ్‌కు మన సైన్యాన్నీ సరుకునీ చేరవేసిన వాటిలో అమెరికా సీ-130 విమానాలు ఉన్నాయి.

ఇప్పుడు ముప్పు ఎటు నుంచి ఉంది? హిందూ మహాసముద్రంలో చైనా జలాంతర్గాములు తిరుగుతున్నాయి. వాటిని వెతికి పట్టే అమెరికా పీ-8ఐ విమానాలు 12 మన దగ్గర ఉన్నాయి, అరక్కోణం, గోవాల నుంచి ఎగురుతాయి. 2020లో లడఖ్ మీద కూడా వాటినే తిప్పారు. గల్వాన్ తర్వాత కొన్ని నెలలకే రెండు ఎంక్యూ-9బీ డ్రోన్లను అమెరికా నుంచి లీజుకు తీసుకున్నాం. 2024 అక్టోబరులో 31 డ్రోన్ల కొనుగోలుకు సంతకాలయ్యాయి. ఇవన్నీ రష్యా ఇచ్చిందా? రష్యా ఇవాళ చైనా మీద ఎంత ఆధారపడిందో అందరికీ తెలుసు. రేపు చైనాతో మనకు గొడవొస్తే మాస్కో మన వైపు నిలబడుతుందని ఎలా నమ్ముతాం?

చైనా ఆర్థిక వ్యవస్థ మనకన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఒంటరిగా దాన్ని నిలువరించాలంటే మన బడ్జెట్ సరిపోదు. స్పష్టంగా ఒక వైపు నిలబడే రోజు వస్తుంది. అది ముందే ఒప్పుకోవడం మంచిది.

సూర్యాపేట ఫౌజీ | మాజీ సైనికుడు

గల్వాన్ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2020 జూన్ 15 రాత్రి అక్కడ 20 మంది పోయారు. 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మా సూర్యాపేట బిడ్డ. అంతిమయాత్ర రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదనే ఉంది. ఆ లోయలో ఆ రాత్రి మన సైనికులు తప్ప ఇంకెవరూ లేరు. ఏ దేశంతో ఎన్ని ఒప్పందాలు ఉన్నా కొండ మీద నిలబడేది మనోళ్ళే. ఏ దేశాన్నీ తిట్టడానికి ఈ మాట అనడం లేదు. అక్కడ కాలు పెట్టినవాళ్ళకు మొదట గుర్తొచ్చేది ఇదే కాబట్టి చెబుతున్నాను.

తర్వాతి సంగతి సామాను. నేను పనిచేసింది బీఎంపీ, అంటే సైనికులను మోసే కవచ బండ్ల మీద. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో సోవియట్ లైసెన్సుతో తయారైన బీఎంపీ-2నే మన సైన్యం 'శరత్' అంటుంది. టీ-72, టీ-90 ట్యాంకులు కూడా ఆ దేశం డిజైన్లే. మంచి బండ్లు, మొండి బండ్లు, చలిలోనూ ఎడారిలోనూ నడుస్తాయి. కానీ ఒక పార్టు బయటి నుంచి రావాల్సి ఉంటే బండి షెడ్డులో నిలబడి ఉండేది. ఆగిన బండి నుంచి పార్టు తీసి ఇంకో బండికి వేసేవాళ్ళం. బయట కూర్చుని దోస్తీ గురించి మాట్లాడేవాళ్ళకు ఈ టెన్షన్ తెలియదు. నా లెక్కలో దోస్త్ అంటే పార్టు టైముకు పంపేవాడు, లేదా ఆ పార్టు చేసే విద్య మనకు నేర్పేవాడు.

చేపల రేవు | జాలారిపేట

మా మత్స్యకారుల వైపు నుంచి కూడా ఒక మాట. విన్యాసాలంటే పత్రికల్లో నౌకల ఫొటోలు వస్తాయి. మాకు వచ్చేది ఫలానా ప్రాంతంలోకి బోట్లు పోవద్దని హెచ్చరిక. కాల్పులు ఉంటాయి, పోకూడదు, అది అర్థమవుతుంది. కానీ వేట పోయిన రోజు డీజిల్ డబ్బులు, కూలి ఎవరిస్తారు? దేశ రక్షణకు అడ్డం పడాలని మాలో ఎవరికీ లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైనప్పుడు నేవీవాళ్ళు చేసిన సాయం మేము మరచిపోలేదు. హెచ్చరిక ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, నష్టం ఎలా కట్టాలి అని ఒక పద్ధతి పెట్టమని మాత్రమే అడుగుతున్నాం.

పరిశోధక విద్యార్థి | హైదరాబాద్

చేపల రేవు గారు అడిగింది న్యాయమైన సంగతి. బాలాసోర్ దగ్గర క్షిపణి పరీక్షలప్పుడు చుట్టుపక్కల ఊళ్ళను ఖాళీ చేయించి పరిహారం ఇస్తుంటారు. సముద్ర విన్యాసాలకు అలాంటి పద్ధతి ఎందుకు ఉండకూడదు?

ఇంకో చిన్న లింకు. ఇప్పుడు క్వాడ్ అంటున్న నాలుగు దేశాలు, అంటే భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, మొదట కలిసి పనిచేసింది యుద్ధం కోసం కాదు. 2004 డిసెంబరు సునామీ సహాయం కోసం. టైగర్ ట్రయంఫ్ కూడా కాగితం మీద విపత్తు సహాయ విన్యాసమే. తీరం మీద దిగడం, మందులు దించడం, గాయపడినవాళ్ళను తరలించడం. అదే నైపుణ్యం యుద్ధంలోనూ పనికొస్తుంది, అది వేరే సంగతి.

కంచన్‌బాగ్ పెద్దాయన | విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

ఫౌజీ తమ్ముడు రాసిన చివరి వాక్యం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. నేను క్షిపణుల తయారీలో పనిచేసి రిటైరయ్యాను. బయట చెప్పకూడనిది ఏదీ రాయను, అందరికీ తెలిసిన చరిత్రే రాస్తాను.

క్షిపణులు చేసే ప్రభుత్వ సంస్థ భారత్ డైనమిక్స్‌ను 1970లో పెట్టారు. మొదట చేసింది ఫ్రాన్స్ వాళ్ళ ఎస్ఎస్-11 ట్యాంకు విధ్వంసక క్షిపణి, లైసెన్సు మీద. తర్వాత ఫ్రాన్స్‌ నుంచే మిలన్ అనే క్షిపణి. తర్వాత రష్యా కాంకర్స్, ఇన్వార్. అంటే కంచన్‌బాగ్, భానూరు షాపుల్లో రెండు దేశాల విద్యలు పక్కపక్కనే నడిచాయి. బయటి దేశంతో సహకారం అంటే ఏమిటో హైదరాబాద్ కార్మికుడికి యాభై ఏళ్ళుగా చేతులతో తెలుసు.

లైసెన్సు తయారీలో ఏం వస్తుంది? డ్రాయింగులు వస్తాయి. జిగ్గులు, ఫిక్స్చర్లు, టెస్ట్ పరికరాలు వస్తాయి. ఇంత టార్క్‌తో బిగించు, ఇంత వేడిలో ఇన్ని గంటలు ఉంచు అని వస్తుంది. క్రమశిక్షణ వస్తుంది, అది తక్కువేం కాదు. మా తరం వెల్డర్లు, ఫిట్టర్లు, ఇన్‌స్పెక్టర్లు అక్కడే తయారయ్యారు. కానీ ఆ టార్క్ అంతే ఎందుకు, ఆ మిశ్రమం అలాగే ఎందుకు అన్నది కాగితం మీద ఉండదు. అది డిజైన్ చేసినవాడి తలలో ఉంటుంది. ఒక మెటీరియల్ దొరక్కపోతే బదులుగా ఇంకోటి వాడాలన్నా విదేశీ కంపెనీకి రాసి ఎదురుచూడాలి. మార్పు అనే మాట వస్తే చాలు, ఫైలు సముద్రం దాటాలి.

ఆ లోటు తీర్చడానికే 1983లో సమీకృత క్షిపణి కార్యక్రమం మొదలైంది, హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌లో కలాం గారి నాయకత్వంలో. 1987లో ఎంటీసీఆర్ వచ్చింది. క్షిపణి సాంకేతికత ఎవరికీ ఇవ్వకూడదని పెద్ద దేశాలు కట్టుకున్న కట్టుబాటు అది. అప్పటి నుంచి గైరోలు, ప్రత్యేక ఉక్కు, ప్రాసెసర్లు అన్నీ కష్టమయ్యాయి. ఆ కష్టంలో పుట్టిందే గగనతల రక్షణ క్షిపణి ఆకాశ్. ఈ రోజు మనం ఆర్మేనియాకు ఆకాశ్ అమ్ముతున్నాం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో మన గగనతలాన్ని కాచిన వాటిలో ఆకాశ్ ఉంది. దాని కోసం ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోయింది.

మరి సహకారం పనికిరాదా? పనికొస్తుంది, ఎలాంటి సహకారం అన్నదే ప్రశ్న. 1998లో రష్యాతో బ్రహ్మోస్ క్షిపణి కోసం జాయింట్ వెంచర్, అంటే ఉమ్మడి సంస్థ, పెట్టారు, మనకు 50.5 శాతం, వాళ్ళకు 49.5. మొదటి పరీక్ష 2001 జూన్ 12న. ఇంజను విద్య వాళ్ళది, గైడెన్స్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ మనవాళ్ళు ఎదిగారు. 2018 మార్చిలో పోఖ్రాన్‌లో మన సొంత సీకర్‌తో పరీక్షించారు. సీకర్ అంటే లక్ష్యాన్ని కనిపెట్టే కన్ను. అది సొంతం కావడమంటే ఏమిటో ఈ రంగంలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. 2016లో మనమే ఎంటీసీఆర్‌లో చేరాక దూరం మీద ఉన్న 300 కిలోమీటర్ల గీత కూడా తొలగింది. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ సుమారు 37.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఇద్దరూ డబ్బు పెట్టి, ఇద్దరూ నేర్చుకున్న సహకారం అది. ఇజ్రాయెల్‌తో కలిసి చేసిన గగనతల రక్షణ క్షిపణి బరాక్-8, మన పేరుతో ఎంఆర్‌శామ్, కూడా అదే దారిలోది.

కాబట్టి అమెరికానా రష్యానా అని నన్ను అడగొద్దు. ఒప్పందం పదేళ్ళు నడిచాక మన షాపులో ఏ కొత్త పని చేతనైంది అని అడగండి.

ఆదిభట్ల అమ్మాయి | ఏరోస్పేస్ ఇంజనీరు

పెద్దాయన గారికి నమస్కారం. మా తరం పరిస్థితి కూడా చెబుతాను.

ఆదిభట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు అక్కడ తయారై ప్రపంచమంతా వెళ్తాయి. పక్కనే సీ-130జే విమానాల తోకభాగాలు చేస్తారు. 2025 జూన్‌లో రఫేల్ బాడీలు కూడా హైదరాబాద్‌లోనే చేసేలా ఫ్రాన్స్ కంపెనీ దస్సో, టాటా ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రాన్స్ బయట రఫేల్ బాడీ తయారవడం ఇదే మొదలు. ఇది గర్వపడాల్సిన విషయమే. ఇబ్రహీంపట్నం, కొంగరకలాన్ చుట్టుపక్కల ఐటీఐ చదివిన పిల్లలకు వచ్చిన పని తక్కువది కాదు. మిల్లీమీటరులో వందో వంతు తేడాను వేలితో తడిమి చెప్పగల అమ్మాయిలు మా లైనులో ఉన్నారు.

కానీ బాడీ చేసినంత మాత్రాన హెలికాప్టర్ మనది కాదు. మన సైన్యం కొన్న ఆరు అపాచీలు 2024లో రావాలి. మొదటి మూడు 2025 జూలైలో వచ్చాయి. బాడీలు చేసే ఊరు మనదైనా వరుసలో మన వంతు ఎప్పుడన్నది మన చేతిలో లేదు.

మన యుద్ధ విమానం తేజస్ సంగతి ఇంకా బాధ. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు ఆర్డరు ఇచ్చారు. అదే ఏడాది అమెరికా కంపెనీ జీఈకి 99 ఎఫ్-404 ఇంజన్ల ఆర్డరు. మొదటి ఇంజను చేతికొచ్చింది 2025 మార్చిలో. ఇంజను లేకుండా నిలబడ్డ విమానాల ఫొటోలు చూసినప్పుడు ఇంజనీరుగా నాకు నిద్ర పట్టలేదు. కావేరీ ఇంజను మీద 1980ల చివరి నుంచి పని జరుగుతోంది, యుద్ధ విమానాన్ని లేపే స్థాయికి అది ఇంకా రాలేదు. ఇంజనులో బాగా వేడెక్కే హాట్ సెక్షన్‌లో వాడే సింగిల్ క్రిస్టల్ బ్లేడ్ల, అంటే లోహాన్ని ఒకే స్ఫటికంగా పోత పోసిన రెక్కల, విద్య ప్రపంచంలో చాలా కొద్ది దేశాల దగ్గరే ఉంది. ఏ మిత్రదేశమూ దాన్ని ఊరికే ఇవ్వదు. 2025 ఆగస్టులో ఫ్రాన్స్ సఫ్రాన్‌తో కలిసి కొత్త ఇంజను చేస్తామని రక్షణ మంత్రి ప్రకటించారు. అందులో బ్లేడ్ల విద్య మన చేతికి వస్తుందా అన్నదే నేను చూస్తాను.

భీమవరం రొయ్య | ఆక్వా రైతు

ఇక్కడ క్షిపణులు, ఇంజన్లు అంటుంటే నేను రొయ్యల గురించి రాయడం వింతగా అనిపించవచ్చు. కానీ సంబంధం ఉంది. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది. మన రొయ్యలకు పెద్ద మార్కెట్టే అమెరికా. ఆ వారంలో చెరువు గట్టు మీద కొనే రేటు ఎలా పడిపోయిందో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. ఫీడు రేటు తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు.

విశాఖలో నౌకలు కలిసి తిరిగిన దేశమే మన చెరువు మీద ఇంత దెబ్బ వేసింది. కాబట్టి రక్షణ ఒప్పందాలు చేసుకునేటప్పుడు వ్యాపారం కూడా అదే బల్ల మీద పెట్టాలి. అక్కడ సంతకం పెట్టేవాళ్ళకు రైతు కూడా గుర్తుండాలి.

ఫ్రీమాంట్ తెలుగు | కాలిఫోర్నియా

భీమవరం అన్నా, మా బంధువులదీ అదే పరిస్థితి, ఫోన్లో రోజూ విన్నాను. ఆ నిర్ణయం తప్పని ఇక్కడున్న చాలామంది మనవాళ్ళం కూడా అనుకున్నాం. అయితే ఒకటి గమనించండి. సుంకాల గొడవ నడుస్తుండగానే 2025 అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో రెండు దేశాల రక్షణ మంత్రులు పదేళ్ళ రక్షణ ఒప్పందం మీద సంతకం చేశారు. వారం తిరిగేసరికి తేజస్ తయారుచేసే హెచ్‌ఏఎల్ మరో 113 ఎఫ్-404 ఇంజన్లకు ఆర్డరిచ్చింది. రాజకీయ నాయకులు కొట్టుకుంటున్నా సైన్యాల మధ్య పని ఆగలేదు. బలమైన సంబంధం ఉంటేనే ఇది సాధ్యం.

ఎర్ర మందారం | విజయవాడ

నేను దాన్ని వేరేలా చదువుతాను. రొయ్యల రైతు నష్టపోతున్న నెలల్లోనే మరో 113 ఇంజన్లకు వాళ్ళకే ఆర్డరిచ్చామంటే వేరే దారి లేకనే కదా? ఆలస్యం చేసిన సంస్థ దగ్గరికే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఆదిభట్ల చెల్లెలు చెప్పినదానికి ఇదే రుజువు.

ఒక వైపు నిలబడదాం అంటున్నారు కదా. నిలబడ్డవాళ్ళకు ఏం దక్కిందో మన పక్కనే చూడొచ్చు. పాకిస్తాన్ 1950ల్లోనే అమెరికా వైపు కూటములైన సియాటో, సెంటో రెండింట్లో చేరింది. 1971లో దేశం రెండు ముక్కలవుతుంటే ఆ కూటములు ఆపలేకపోయాయి.

సూర్యాపేట ఫౌజీ | మాజీ సైనికుడు

ఎర్ర మందారం అన్నతో చాలా విషయాల్లో నాకు పడదు, కానీ ఈ లెక్క సరైనదే. అయితే ఇదే లెక్క రష్యాకు కూడా వేయాలి కదా అన్నా. 2018 అక్టోబరులో ఐదు ఎస్-400 గగనతల రక్షణ క్షిపణి రెజిమెంట్లకు ఒప్పందం చేసుకున్నాం. అమెరికా ఆంక్షల బెదిరింపు ఉన్నా వెనక్కి తగ్గలేదు, అది మంచి నిర్ణయమని 2025 మేలో ఆపరేషన్ సిందూర్‌లో అందరూ చూశారు. కానీ ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఐదూ అనుకున్న టైముకు రాలేదు. అమ్మినవాడే యుద్ధంలో ఉంటే ముందు తన సైన్యానికే ఇచ్చుకుంటాడు. అది ద్రోహం కాదు, ఎవరైనా అదే చేస్తారు. ఎవరి దగ్గర కొన్నా ఈ ప్రమాదం ఉంటుందని మనం లెక్కలో పెట్టుకోవాలి.

పరిశోధక విద్యార్థి | హైదరాబాద్

ఫౌజీ గారి మాటకు అంకెలు కూడా తోడున్నాయి. స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్కల ప్రకారం 2010-14 మధ్య మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం. 2020-24 నాటికి 36 శాతానికి తగ్గింది. ఫ్రాన్స్ 33 శాతంతో దాదాపు పక్కనే ఉంది. ఆ తర్వాత ఇజ్రాయెల్. ఒకే దేశం మీద ఆధారపడడం తగ్గింది, కానీ దిగుమతుల మీద ఆధారపడడం పోలేదు. 2020-24లో ఉక్రెయిన్ తర్వాత ప్రపంచంలో ఎక్కువ ఆయుధాలు దిగుమతి చేసుకున్నది మనమే.

ఒక్క నౌక చూస్తే చాలు ఈ చిక్కు అర్థమవుతుంది. ఐఎన్ఎస్ తుషిల్ 2024 డిసెంబరులో రష్యాలోని కలినిన్‌గ్రాడ్‌లో మన నేవీలో చేరింది. కట్టింది రష్యా షిప్‌యార్డు. దాని గ్యాస్ టర్బైన్ ఇంజన్లు ఉక్రెయిన్‌వి. ఆ రెండు దేశాల మధ్య సంబంధాలు తెగిపోయాక ఇంజన్లను మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యాకు అందించాల్సి వచ్చింది. నాలుగైదు దేశాల సామాను కలిపి నడపడం మనకు వచ్చిన విద్యే, కానీ ఖర్చూ శ్రమా చాలా ఎక్కువ. రష్యా రాడారు, ఇజ్రాయెల్ క్షిపణి, అమెరికా విమానం ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయాలంటే మధ్యలో మన సొంత సాఫ్ట్‌వేర్ ఉండాలి. కొన్నిసార్లు ఒక దేశం రహస్యం ఇంకో దేశం పరికరానికి తెలుస్తుందేమో అని అమ్మేవాళ్ళే అభ్యంతరం పెడతారు.

నిర్వాహకులు

అగ్నిపథ్ మీద వచ్చిన వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం. అది ముఖ్యమైన విషయమే, సికింద్రాబాద్ స్టేషన్ ఘటన మీద బాధతో రాసినవాళ్ళు అక్కడ కొనసాగించండి. ఇక్కడ విదేశీ సైనిక సహకారం వరకే ఉంచుదాం.

బీచ్‌రోడ్ వాసి | విశాఖపట్నం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. ఇలాంటి ఒప్పందాలకు మన పార్లమెంటు ఓటు వేస్తుందా? బెకా గానీ, రష్యాతో లాజిస్టిక్స్ ఒప్పందం గానీ సభలో ఎవరైనా చదివారా?

పరిశోధక విద్యార్థి | హైదరాబాద్

అవసరం లేదు. విదేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారం మన రాజ్యాంగం ప్రకారం కేంద్ర ప్రభుత్వానిది. దేశంలో చట్టం మార్చాల్సి వస్తేనే పార్లమెంటు ముందుకు వస్తుంది. రష్యాతో చేసుకున్న లాజిస్టిక్స్ ఒప్పందాన్నే చూడండి. 2025 డిసెంబరులో పుతిన్ ఢిల్లీ వచ్చే ముందు వాళ్ళ దిగువ సభ డ్యూమా దానికి ఆమోదం తెలిపింది. మన వైపు అలాంటి ఓటు లేదు.

ఎర్ర మందారం | విజయవాడ

నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే. ఓటు లేకపోతే పోనీ, కనీసం చర్చ అయినా ఉండాలి. 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు కేటాయించారు. అందులో ప్రతి రూపాయీ జనానిది.

ఫ్రీమాంట్ తెలుగు | కాలిఫోర్నియా

ఈ ఒక్క విషయంలో ఎర్ర మందారం గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అమెరికాలో పెద్ద ఆయుధ అమ్మకం ఏదైనా కాంగ్రెస్‌కు తెలియజేయాలి. మనం ఏం కొంటున్నామో, సుమారు ఎంతకో, ఆ నోటీసులో ఎవరైనా చదవొచ్చు. మన డబ్బుతో మన దేశం కొనేదాని గురించి నేను ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో చదువుతున్నాను.

సూర్యాపేట ఫౌజీ | మాజీ సైనికుడు

చర్చ జరగాలి, కాదనను. కానీ ఏ రాడారు ఎక్కడ పెట్టారు, ఎన్ని క్షిపణులు నిల్వ ఉన్నాయి, ఏ ఇంజను ఆగిపోయింది అనేవి సభలో మాట్లాడితే మొదట నోట్ చేసుకునేది అవతలివాడు. షరతులు, డబ్బు, ఆలస్యం ఇవి బయట పెట్టండి. మిగతావి మూసిన గదిలో ఎంపీలకు చెప్పండి. రక్షణ స్థాయీ సంఘం ఉన్నదే అందుకు.

కంచన్‌బాగ్ పెద్దాయన | విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

స్థాయీ సంఘం నివేదికలు లోక్‌సభ సైటులో ఉంటాయి, చదవండి. ఆలస్యాల గురించి మంత్రిత్వ శాఖ ఇచ్చిన జవాబులు అందులో ఉంటాయి. నేను మన ఎంపీకి ఉత్తరం రాస్తున్నాను. ప్రతి విదేశీ ఒప్పందానికీ ఐదేళ్ళకోసారి, ఏ విద్య మన చేతికి వచ్చింది, ఏది రాలేదు అని సభ ముందు ఒక పత్రం పెట్టమని అడుగుతాను. ఆదిభట్ల తల్లీ, ఇంజన్ల వైపు ఏమేం అడగాలో నువ్వు రాసి పంపు. ఫౌజీ తమ్ముడూ, బండ్ల పార్టుల గురించి నువ్వు. జాలారిపేట వాళ్ళ పరిహారం సంగతి, భీమవరం రైతు చెప్పిన వ్యాపారం సంగతి కూడా కలుపుతాను.

ఆదిభట్ల అమ్మాయి | ఏరోస్పేస్ ఇంజనీరు

తప్పకుండా అంకుల్. ఆదివారం లోపు పంపుతాను. మొదటి ప్రశ్న ఇప్పుడే రాసుకోండి. కొత్త ఇంజను ఒప్పందంలో బ్లేడు పోత పోసే ఫౌండ్రీ మన దేశంలో పెడతారా, పెడితే దాని డిజైన్ మీద మేధోహక్కు ఎవరిది?

చేపల రేవు | జాలారిపేట

మా సంఘం తరఫున వేట ఆగిన రోజుల వివరాలు నేను పంపుతాను. హెచ్చరిక నోటీసుల కాపీలు కూడా మా దగ్గర ఉన్నాయి.